డాటర్ అంటే

నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లలను ఎక్కడున్నా ఇట్టే గుర్తుపట్టవచ్చు. నైట్ అనే మాటకు స్పెల్లింగ్ అడగండి. ఎన్ ఐ జి హెచ్ అని, చిన్నగా ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, అప్పుడు టి అంటారు. లైట్ అయినా అంతే, ఎయిట్ అయినా అంతే. జి హెచ్ వచ్చిందంటే బండి ఆగాల్సిందే. పక్క క్లాసులో లెక్కలు చెప్పే సారు ఈమధ్యే బదిలీ మీద మా బడికి వచ్చాడు. కొన్నాళ్లు విని, ఇక ఉండబట్టలేక ఒకరోజు అడిగాడు.

"గదేంది మేడం, మీ పోరగాళ్లకు జి హెచ్ కాడికి రాంగనే గొంతు పట్టుకుంటదా?"

"పలుకని అక్షరాలు కద సార్, జెరంత మౌనం పాటిస్తున్నరు" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వినట్టు చేసి బోర్డు వైపు తిరిగాను. అమ్మ పోయి అప్పటికి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ ఆగడం మా అమ్మదని, అది నాకు ఆమె బీడీల చాటలో నుంచి వచ్చిందని, నేను బతికున్నంత కాలం దాన్ని ఎవరూ సరిదిద్దలేరని క్లాసు గుమ్మంలో నిలబడ్డ ఆయనకు ఎలా చెప్పను?

మాది కోరుట్ల. నాన్న తాటిచెట్లు ఎక్కడం మానేసి దుబాయి పోయాడు. అమ్మ బీడీలు చేసేది. మా గోడకు ఆనుకునే ఖాలా వాళ్ల ఇల్లు. ఆమె అసలు పేరుతో నాకు ఎప్పుడూ పని పడలేదు. ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు కాబట్టి ఆమె పిల్లలకు మా అమ్మ ఖాలా, నాకు ఆమె ఖాలా. మధ్యాహ్నం వంటలు, అంట్లు అయ్యాక ఇద్దరూ మా ముందర గదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. నేను బడి నుంచి వచ్చేసరికి గదంతా ఆ ఘాటు నిండి ఉండేది. మొదటి రెండు తుమ్ములు అయిపోతే ఇక అలవాటైపోయేది.

మా బడిలో ఇంగ్లీషు సారు రోజూ కొన్ని మాటలు ఇచ్చి కంఠతా పట్టుకు రమ్మనేవాడు. పట్టుకు రాకపోతే చేతి వేళ్ల కణుపుల మీద స్కేలు. దానికో పద్ధతి ఉండేది. ముందు అక్షరాలు, తర్వాత మాట, ఆ మాటనే ఇంకోసారి అని "అంటే" అని, చివర తెలుగు. డబ్ల్యూ ఏ టి ఈ ఆర్ వాటర్, వాటర్ అంటే నీళ్లు. తెలుగు మీడియంలో చదివిన మా ఈడు వాళ్లలో ఈ రాగం రానివాళ్లు ఉండరు. చేతులు కట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, గొంతు చివర కొంచెం పైకి లేపి చెప్పాలి. నేను ఆ గదిలో తలుపుకు వీపు ఆనించి కూర్చుని రోజూ అదే రాగం తీసేదాన్ని. కొన్నాళ్లకు అమ్మకూ ఖాలాకూ కూడా వచ్చేసింది. ముగ్గురం కలిసి అనేవాళ్లం. అమ్మకు తెలుగులో ఓనమాలు కూడా రావు. కానీ చెవికి పడింది చెవిలోనే ఉండిపోయేది.

చేతులు రాగంలో పడ్డాక ఆమెకు ఒక మాటకు ఒక బీడీ అయ్యేది. డాటర్ అనే మాటకైతే, డి ఏ యు దగ్గర ఆకులో తంబాకు పోసి చుట్టేది. జి హెచ్ దగ్గర దారం కట్టేది. అక్కడ ఆగేది. ఆ ఆగినప్పుడు చూపుడువేలి గోటితో బీడీ మూతి లోపలికి మడిచేది. అది నోరు మూసుకుని చేసే పని. పెదాలు బిగించి, కళ్లు చిన్నవి చేసుకుని చేసేది. మడవడం అయిపోగానే టి ఈ ఆర్ డాటర్ అని గబగబా అనేసేది, అర్థం కూడా అయ్యాక బీడీని పక్కన పడేసేది. ఆమె ఆగితే మేమూ ఆగేవాళ్లం. మరునాడు బడిలో నేను అలాగే ఆగి చెబితే సారు "మధ్యల నిద్రపోతున్నవా" అన్నాడు. అయినా పోలేదు. ఇప్పటికీ పోలేదు. పిల్లలకు కామా గురించి చెబుతూ, చదివేటప్పుడు ఎంతసేపు ఆగాలి అని వాళ్లు అడిగితే నా నోటి చివరిదాకా వచ్చే జవాబు, బీడీ మూతి మడిచేంత సేపు అని. దాన్ని మింగేసి "ఒక ఊపిరి" అంటాను.

ఇంగ్లీషు మీద నాకు కోపం ఎక్కువ. ఇన్నేళ్లుగా ఆ భాష పెట్టిన అన్నమే తింటున్నాను, అయినా కోపమే. బట్ అని పలికి, అదే తీరున రాసిన దాన్ని పుట్ అనమంటుంది. టఫ్‌లో ఉన్న జి హెచ్ ఎఫ్ అవుతుంది, దో అనే మాటకు వచ్చేసరికి నోరు మూసుకుంటుంది. బుధవారం పేరులో ఒక డి ఊరికే నిలబడి ఉంటుంది. ఇవన్నీ పిల్లలకు చెప్పేటప్పుడు నాకే సిగ్గేస్తుంది, ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇంట్లో వాళ్ల తిక్క గురించి సర్ది చెప్పినట్టు ఉంటుంది. ఈ కోపం నాకు అమ్మ దగ్గరి నుంచే వచ్చింది. నైఫ్ నేర్చుకున్న రోజు ఆమె పెద్ద పంచాయితీ పెట్టింది.

"గా ముందున్న కె ఎందుకే?" అంది.

"అది పలుకదమ్మా. సైలెంట్."

"పలుకనిదాన్ని ఎందుకు రాస్తరు? సిరా దండుగ గాదా?"

ఖాలా నవ్వడం మొదలుపెట్టింది. "ఇల్లరికం అల్లుడు అక్కా అది. పని చెయ్యడు, పలుకడు. అయినా పీటేసి కూసోవెట్టాలె" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పలకని అక్షరాలన్నిటికీ అల్లుళ్లు అని పేరు పడింది. నేను కొత్త మాట చెప్పగానే అమ్మ "దీంట్ల అల్లుడున్నడా?" అని అడిగేది. ఉన్నాడంటే చాటలో తంబాకు ఎగిరేలా నవ్వేవాళ్లు ఇద్దరూ. ఒకరోజు నవ్వు ఆగాక అమ్మ మాత్రం మళ్లీ అడిగింది.

"గా అల్లున్ని తీసేసి రాస్తే ఏమైతదే?"

"తప్పయితది. సారు కొడ్తడు."

అమ్మ బీడీకి దారం కట్టింది. "అయితే పలుకకున్నా ఉండాలెనన్నట్టు" అంది.

ఆంట్ అనే మాట వచ్చిన రోజు ఖాలా వంతు. ఖాలా, ఫుప్పీ, చాచీ, మామీ, అందరికీ కలిపి ఆ ఒక్క మాటే అని చెబితే ఆమె నమ్మలేదు. "పాపం, గాళ్లకు చుట్టాలు తక్కువున్నట్టున్నరు బేటీ" అంది. నిజంగానే జాలిపడింది.

డాటర్ అనే మాటకు పుస్తకంలో అర్థం కూతురు అని ఉంది. నేను అలాగే చదివితే అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కూతురేంది? మన దిక్కు ఎవలంటరు గట్ల? బిడ్డ అను."

"పుస్తకంల కూతురు అనే ఉందమ్మా."

"పుస్తకంల నువ్వున్నవా? బిడ్డ అను."

బడిలో కూతురు, ఇంట్లో బిడ్డ. అలా రెండు రకాలుగా నేర్చుకున్నాను. అమ్మ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఏ పనికైనా, ఏ కోపానికైనా బిడ్డా అనే. నేను బీఎడ్ చేసి, ఉద్యోగం వచ్చి, ఎల్లంతకుంట దిక్కు బడిలో పడి, సిరిసిల్లలో కాపురం పెట్టాక కూడా ఫోన్ ఎత్తగానే మొదటి మాట అదే. "బిడ్డా, తిన్నవా?" తిన్నానంటే కూర ఏమిటని అడిగేది. తినలేదంటే తిట్టేది. నాన్న చనిపోయాక నా దగ్గరికి వచ్చి ఉండమంటే, "గీ గోడవతల ఖాలా ఉన్నది, నాకేం రంది" అని కోరుట్లలోనే ఉండిపోయింది. వేళ్లు వంకర పోతున్నా బీడీలు మానలేదు.

ఒక పొద్దున ఖాలా ఫోన్ చేసింది. ఆమె ఏడుస్తూ మాట్లాడింది ఉర్దూలోనో తెలుగులోనో కూడా నాకు గుర్తు లేదు. అమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ పడిపోయింది. పక్కవాళ్లు బండిలో జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి మంచం మీద ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుపడ్డాయి. మూతి ఒక పక్కకు జారింది. మెదడులో మాటలు ఉండే వైపు దెబ్బ తగిలిందని డాక్టరు చెప్పాడు. నన్ను చూసి అమ్మ ఏదో అనబోయింది. ఆ... ఆ... అంతే వచ్చింది. తన నోట్లో నుంచి వచ్చిన ఆ చప్పుడుకు తనే బెదిరిపోయి, ఎడమ చేత్తో నోరు మూసుకుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పను. మంచానికి గొట్టాలు, నాకు సెలవు చీటీలు. అమ్మకు దాహమైతే కళ్లతో అడిగేది, నేను దుప్పటి కప్పేదాన్ని. చలైతే అడిగేది, నీళ్లు తాగించేదాన్ని. ఆమె నడవకపోయినా సరే, నేను మోసుకుంటాను అనుకున్నాను. చెయ్యి రాకపోయినా సరే, నేను తినిపిస్తాను. ఒక్కసారి బిడ్డా అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఆ వార్డులో నేను మొక్కని దేవుడు లేడు, ఖాలా నా తరఫున దర్గాలో కట్టని దారం లేదు.

బడిలో పరీక్షలు అయిపోయి ఉండటంతో దిద్దాల్సిన పేపర్లు ఆస్పత్రికే తెచ్చుకున్నాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దిద్దుతున్నాను. ఒకమ్మాయి బ్యూటిఫుల్‌ను తలకిందులు చేసి రాసింది. ఎక్కడ తప్పిందో చూడటానికి నాలో నేను గొణుక్కున్నాను, బి ఈ ఏ యు అని.

"టి ఐ ఎఫ్ యు ఎల్ బ్యూటిఫుల్" అంది అమ్మ.

స్పష్టంగా అంది. పాత రాగంలో, గొంతు చివర పైకి లేపి. "బ్యూటిఫుల్ అంటే" అని నా వైపు చూసింది. పేపర్లు నేల మీద పడిపోయాయి. నేను ఎంత గట్టిగా అరిచానో ఏమో, ఏమైపోయిందోనని నర్సు పరిగెత్తుకొచ్చింది.

సాయంత్రానికి వార్డంతా తెలిసిపోయింది. పక్షవాతం వచ్చిన ఆమె ఇంగ్లీషు మాట్లాడుతోందట అని పక్క వార్డుల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇబ్రహీంపట్నం నుంచి మామను తీసుకొచ్చిన ఒకామె "మీ అమ్మ టీచరమ్మనా?" అని అడిగింది. బీడీలు చేసేదంటే బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకాయన "దేవుడు తెలుగు గుంజుకొని ఇంగ్లీషు ఒక్కటి ఇడిసిపెట్టిండు, గమ్మతి సూడు" అన్నాడు. అంతవరకు ఊరుకున్నాను. ఇంకెవరో ఫోన్ పైకెత్తి వీడియో తీయబోయేసరికి నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఏ భాషలో తిట్టానో తెలియదు గానీ, ఆ తర్వాత ఎవరూ మా మంచం దాపుల్లోకి రాలేదు.

నాకు మాత్రం ఆశ పుట్టింది. రోజూ ఒక్కో మాట అందించేదాన్ని. నేను డబ్ల్యూ ఏ అంటే ఆమె టి ఈ ఆర్ వాటర్ అనేది. పరుగున గ్లాసు అందించేదాన్ని. ఆమె గ్లాసు వైపు చూసేది, నా వైపు చూసేది, ఎందుకిచ్చానో అర్థం కాక పక్కకు నెట్టేది. ఆమె నీళ్లు అడగలేదు. నైఫ్ అన్నప్పుడు కత్తి చూపించాను. గ్లాసును చూసినట్టే దాన్నీ చూసింది.

మాటలు నేర్పే డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపిక ఉన్న మనిషి. నన్ను వరండాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టి చెప్పింది. "మేడం, అది మాట కాదు, పాట. మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరు. కొందరికి దేవుడి భజన మిగులుతది, కొందరికి ఒకటి రెండు అంకెలు మిగుల్తయి. మీ అమ్మకు ఇవి మిగిలినయి. కానీ ఆమె మీకేదో చెప్తున్నదని అనుకోకండి" అంది. నేను తల ఊపాను. లోపలికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని మళ్లీ డబ్ల్యూ ఏ అన్నాను. అన్నం మానేసినా మానేస్తాను గానీ ఆశ ఎలా మానేస్తాను?

ఎందుకంటే నా ఎత్తు వేరే ఉంది. ఈ పాట చివర తెలుగు ఉంది కదా. డి ఏ యు జి హెచ్ టి ఈ ఆర్ డాటర్, డాటర్ అంటే... ఆ తర్వాత ఉన్నది నాకు కావాల్సిన మాటే కదా. పాటగానైనా సరే, అలవాటుగానైనా సరే, ఆ మాట ఆమె నోట రావాలి. ఆ దారిన నడిపించుకుంటూ పోతే చివర అది దొరుకుతుందని నా నమ్మకం.

ఆస్పత్రి నుంచి అమ్మను సిరిసిల్ల తీసుకొచ్చాను. మా వీధిలో పొద్దంతా మరమగ్గాల చప్పుడు. కిటికీ పక్కన మంచం వేశాను. మొదటి రోజు పొద్దున్నే, మొహం కడిగి, జడ వేసి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. డి ఏ యు అన్నాను. జి హెచ్ అంది అమ్మ. ఆగింది. ఆ ఆగినప్పుడు పెదాలు బిగించి, కళ్లు చిన్నవి చేసుకుని, పని చేసే ఎడమ చేతి చూపుడువేలితో గాలిలో బీడీ మూతి మడిచింది. టి ఈ ఆర్ డాటర్ అంది. డాటర్ అంటే అంది.

అక్కడ ఆగిపోయింది.

నేను ఎదురుచూశాను. ఆమె నా కళ్లలోకి చూస్తోంది. ఆమె కూడా ఎదురుచూస్తున్నట్టే ఉంది. ఇంకోసారి మొదలుపెట్టాను. మళ్లీ అంటే దాకా వచ్చి ఆగింది. రోజూ ఇదే. చెప్పమ్మా, ఆ ఒక్కటి చెప్పు, అని బతిమాలేదాన్ని. బతిమాలిన కొద్దీ ఆమె కంగారు పడేది. అంటే, అంటే, అంటే అని అదే మాట అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపేది. చివరికి ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఇంత దూరం వచ్చి గడప మీద ఎందుకు ఆగిపోతోందో నాకు అర్థమయ్యేది కాదు.

అదే రోజుల్లో కథలాపూర్ నుంచి పెద్దమ్మ చూడటానికి వచ్చింది. అమ్మ ముందే, అమ్మకు చెవులు కూడా పోయినట్టు, "మాట లేని మనిషి ఉండి ఏం లాభం బిడ్డా, దేవుడే తీస్కపోతే ఆమెకే సుఖం" అంది. ఒళ్లు మండిపోయింది. "పలుకకున్నా ఉండాలె పెద్దమ్మా, తీసేస్తే తప్పయితది" అన్నాను. పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ కిటికీలో నుంచి బయటికి చూస్తోంది. ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయి స్టవ్ ముందు నిలబడి ఏడ్చాను.

ఆ తర్వాత ఖాలా వచ్చింది. కోరుట్ల నుంచి బస్సులు మారి, మోకాళ్ల నొప్పులతో, సంచిలో ఖర్జూరాలు పెట్టుకుని వచ్చింది. అమ్మను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెప్పులు విడిచి, మంచం ఎక్కి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్లో చాట ఉన్నట్టే చేతులు పెట్టుకుని, "ఊఁ, షురూ చెయ్యి అక్కా" అంది. డబ్ల్యూ ఏ టి ఈ ఆర్ వాటర్. ఇద్దరూ కలిసి అన్నారు. వాటర్ అంటే అంది అమ్మ. ఖాలా నా వైపు చూసింది. నేను అలవాటు ప్రకారం అమ్మ నోటి వైపు చూస్తూ కూర్చున్నాను.

"చెప్పు మరి" అంది ఖాలా నాతో.

"నేను చెప్పద్దు ఖాలా. అమ్మతోని చెప్పించాలె. బిడ్డ అనే మాట కాడ గూడ గిట్లనే ఆగుతున్నది. ఎంత సేపు సూసినా అంటలేదు."

ఖాలా నన్ను వింతగా చూసింది. "ఆమె ఎట్ల అంటది బేటీ? గది ఆమె వంతు గాదు గద. ఆమె ఎన్నడు చెప్పింది? ఆమె అంటే అని అడుగుడు, నువ్వు చెప్పుడు. నువ్వు చెప్పినంకనే ఆమె బీడీ కింద పెడ్తుండె. యాద్ మర్సినవా?"

మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఇన్నేళ్లుగా నా చెవుల్లో ఆ పాట ఒకే గొంతుగా ఉండిపోయింది. ఖాలా అన్నాక ఆ గది మొత్తం తిరిగి కళ్ల ముందుకు వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు తెలియదు, ఏ మాటకు ఏ అర్థమో తెలియదు. ఆమె అడిగేది. చదువుకునే బిడ్డ జవాబు చెప్పేది. జవాబు వినగానే తల ఊపి, పూర్తయిన బీడీ పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకునేది. అన్ని వారాలుగా మంచం మీద కూర్చుని ఆమె నన్ను అడుగుతూనే ఉంది. నేను చెప్పకుండా కూర్చున్నాను. నేను వెతుకుతున్న మాట ఆ పాటలో ఉంది, నిజమే. కానీ ఎప్పుడూ అది నా నోటిదే. ఆమె నోట అది పాటలో లేదు, పిలుపులో ఉండేది. ఆ పిలుపే పోయింది.

"నీళ్లు" అన్నాను.

"పానీ" అంది ఖాలా.

అమ్మ తల ఊపింది. జారని వైపు పెదవి కొంచెం కదిలింది. ఎడమ చేత్తో కనపడని బీడీని పక్కన పెట్టి కనపడని ఇంకో ఆకు అందుకుంది.

ఆ తర్వాత రోజూ నా వంతు నేను చెప్పాను. డాటర్ అంటే అనేది అమ్మ. బిడ్డ అనేదాన్ని. ఆమె తృప్తిగా తల ఊపేది. పొద్దునొకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి. ఆమెకు శాంతి దొరికింది. నాకు దొరకలేదు. నన్ను నేనే బిడ్డా అని పిలుచుకుంటూ ఎన్నాళ్లని ఉండగలను?

ఒకరోజు సాయంత్రం వంతులు మార్చి చూశాను. మొత్తం నేనే అన్నాను, జి హెచ్ దగ్గర ఆమె కోసం ఆగాను, చివర నేనే "డాటర్ అంటే?" అని అడిగాను. అమ్మ నన్ను చాలాసేపు చూసింది. పెదాలు దగ్గరికి చేర్చింది. ఆ మాట మొదలవడానికి పెదాలు అలాగే మూసుకోవాలి. నేను ముందుకు వంగాను. పెదాలు విడిపోయాయి, చప్పుడు రాలేదు. బీడీ మూతి మడవడానికే మూసిందేమో. ఆమె నా చెంప మీద చెయ్యి వేసి, నేనే ఏదో మరిచిపోయాననుకుని, నాకు సాయం చేస్తున్నట్టు మెల్లగా మొదటి నుంచి మొదలుపెట్టింది. డి ఏ యు.

ఆ వారంలోనే పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. అమ్మను కోరుట్ల తీసుకుపోయాం. ఖాలా గోడవతల కూర్చుని ఖురాన్ చదివింది. గోడకు ఇవతల మా వాళ్లు మా పద్ధతులు చేసుకున్నారు. అమ్మ చాట దులపకుండా అలాగే ఉంది. అడుగున ఇంకా తంబాకు పొడి ఉంది. నేను వాసన చూసి రెండుసార్లు తుమ్మాను, మూడోసారి అలవాటైపోయింది.

మళ్లీ బడికి వెళ్లాను. అన్ని పాఠాలూ చెప్పాను. ఆ మాట వచ్చిన పాఠం మాత్రం రేపు, ఎల్లుండి అని దాటేస్తూ వచ్చాను. చివరికి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇక తప్పలేదు. బోర్డు మీద రాశాను. క్లాసంతా అంది, డి ఏ యు జి హెచ్. ఆగారు. నేనూ ఆగాను. టి ఈ ఆర్ డాటర్.

"డాటర్ అంటే?" అని అడిగాను. అది అమ్మ వంతు. ఇప్పుడు నాది.

కూతురు అన్నారు ముందు వరసల వాళ్లు, పుస్తకంలో ఉన్నట్టు. వెనక కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, కొంచెం ఆలస్యంగా, ఒక్కతే అంది, "బిడ్డ" అని.

నేను సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"ఇంకోసారి అను" అన్నాను.

"బిడ్డ, టీచర్."

"ఇంకోసారి."

క్లాసులో కొందరు నవ్వారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. మొహం వాడిపోయింది. తప్పు చెప్పాననుకుంది. పక్కదాని పుస్తకంలోకి వంగి చూసి, వేలు పెట్టి వెతుక్కుని, భయం భయంగా సరిదిద్దుకుంది.

"కూతురు, టీచర్."

"కూర్చో" అన్నాను. "రెండూ కరెక్టే."